శేరిలింగంపల్లి చుట్టూ: ఏడు లక్షల ఓట్లకు ఒక ఎమ్మెల్యే

నాది భద్రాచలం. ఉద్యోగం హైదరాబాద్‌లోని చందానగర్‌కు తెచ్చింది, ఇక్కడే ఇల్లు కట్టుకున్నాను. మా అమ్మానాన్నల ఓటు భద్రాచలం నియోజకవర్గంలో ఉంది, నా ఓటు శేరిలింగంపల్లిలో. 2023 శాసనసభ ఎన్నికల జాబితా ప్రకారం తెలంగాణలో అందరికంటే తక్కువ ఓటర్లున్నది వాళ్ల దగ్గర. లక్షన్నరకు కాస్త తక్కువ. అందరికంటే ఎక్కువ మా దగ్గర. 7.3 లక్షలు. అక్కడా ఒకరే ఎమ్మెల్యే, ఇక్కడా ఒకరే. ఒకే ఇంటి మనుషుల మధ్య ఓటు బరువులో దాదాపు అయిదు రెట్ల తేడా.

ఈ లెక్క మనసులో పడ్డాక నియోజకవర్గాన్ని చివరిదాకా తిరిగి చూడాలనిపించింది. పదిహేనేళ్లుగా ఆఫీసుకీ ఇంటికీ మధ్య రోడ్డు తప్ప మిగతాదంతా కారు అద్దంలోంచి చూసిందే. సెలవు పెట్టి, కారు ఇంట్లో వదిలేసి, నడక, షేర్ ఆటో, ఎంఎంటీఎస్, మెట్రో వీటితోనే తిరగాలని బయల్దేరాను.

బుధవారం: లింగంపల్లి, చందానగర్

పొద్దున్నే లింగంపల్లి స్టేషన్. కాకినాడ నుంచి వచ్చే గౌతమికి ఇదే ఆఖరు స్టేషను. తిరుపతి నుంచి వచ్చే నారాయణాద్రికీ అంతే. బండి ఆగగానే బియ్యం మూటలు, కొత్త ఆవకాయ డబ్బాలు, కట్టలు కట్టిన అరటాకులు, నిద్ర తీరని పిల్లలు ప్లాట్‌ఫారం నిండా దిగిపోయారు. బయట ఆటోవాళ్లు "నల్లగండ్ల, గచ్చిబౌలి, కొండాపూర్" అని కేకలు వేస్తున్నారు. పక్క ప్లాట్‌ఫారం మీద ఫలక్‌నుమా వెళ్లే ఎంఎంటీఎస్ నిలబడి ఉంది. 2003లో ఈ లోకల్ రైళ్లు మొదలయ్యాకే పాతబస్తీలో ఉండేవాళ్లు కూడా ఇటు ఉద్యోగాలకు రాగలిగారు. ఇప్పటికీ ఇళ్లలో వంటపని, ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ చేసే ఆడవాళ్లకు ఇదే దిక్కు.

స్టేషన్ దాటి రైలు కట్ట కింద ఉన్న అండర్‌పాస్ దగ్గరికి వెళ్లాను. గట్టి వాన పడితే ఇక్కడ నీళ్లు నిలుస్తాయి, రెండు వైపులా బళ్లు ఆగిపోతాయి. ఆ పక్కన కూరగాయల బండి పెట్టుకున్నావిడ గోడ మీద ఒక మరక చూపించింది. "గీడిదాంక వస్తయి నీళ్లు. ప్రతి వానకు గిదే లొల్లి. ఓట్లప్పుడు అందరొస్తరు, చూస్తరు, పోతరు" అంది. మరక ఆమె నడుము కంటే పైనే ఉంది.

లింగంపల్లి నుంచి ముంబై హైవే ఎక్కి పడమటికి కాస్త నడిస్తే రామచంద్రాపురం. ఆ పక్కదంతా పటాన్‌చెరు నియోజకవర్గం. రోడ్డు మీద గీత ఏమీ లేదు, అవే షాపులు, అదే దుమ్ము. అక్కడ వెనక్కి తిరిగి చందానగర్ వైపు వచ్చాను. బట్టల షాపులు, బంగారం కొట్లు, పెళ్లిళ్ల సీజన్ రద్దీ. ఆ మధ్యలో పీజేఆర్ స్టేడియం.

పి. జనార్దన్ రెడ్డి పేరు ఇక్కడ ఎందుకు ఉందో ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు. 2009కి ముందు శేరిలింగంపల్లి అనే నియోజకవర్గమే లేదు. ఇదంతా ఖైరతాబాద్ కిందికి వచ్చేది. దేశంలోనే అతి పెద్ద నియోజకవర్గాల్లో ఒకటిగా దానికి పేరు. పీజేఆర్ దానికి ఎమ్మెల్యే. 2007 డిసెంబర్‌లో ఆయన పోయారు. మరుసటి ఏడాదే పునర్విభజన ఉత్తర్వు వచ్చింది, ఖైరతాబాద్ ముక్కలైంది, శేరిలింగంపల్లి విడిగా నిలబడింది. 2009లో తొలి ఎమ్మెల్యే ఎం. భిక్షపతి యాదవ్. 2014, 2018, 2023లో వరసగా అరెకపూడి గాంధీ.

మరీ పెద్దదయిందనే ఖైరతాబాద్‌ను విడగొట్టారు. కొలతకు తీసుకున్నది మాత్రం 2001 జనాభా లెక్కలు. అప్పటికి శేరిలింగంపల్లి మున్సిపాలిటీ జనాభా లక్షన్నర దాకా ఉండేది. సైబర్ టవర్స్ మొదలై మూడేళ్లు కూడా కాలేదు. ఉత్తర్వు వచ్చిన 2008 నాటికే ఆ లెక్క పాతబడిపోయింది. కొత్త బట్ట కుట్టించేటప్పుడే పాత కొలతలిచ్చినట్టయింది.

గంగారం దగ్గర ఒక టీ కొట్టులో డెబ్బై ఏళ్లు దాటిన పెద్దాయన పక్కన కూర్చున్నాను. ఆయనది ఈ ఊరే. "ఈ రోడ్డెంబడి జొన్న చేలే ఉండె సార్. చెరువు కింద వరి. హైవేమీద గంటకో లారీ పోతుండె" అన్నారు. ఆయనకు ఒక భూమి కాగితం పని పడింది. మాది రంగారెడ్డి జిల్లా. కలెక్టరేట్ ఇంతకుముందు లక్డీకాపూల్‌లో ఉండేది, 2022లో కొంగరకలాన్‌లో కట్టిన కొత్త భవనంలోకి మారింది. అది నగరానికి ఆ చివర, ఇబ్రహీంపట్నం దారిలో. "పొద్దుగాల పోతే పొద్దుగూకినంక ఇల్లు చేరినా" అన్నారాయన. లోక్‌సభకు వచ్చేసరికి మాది చేవెళ్ల సీటు. తాండూరు కంది రైతులకూ, పరిగి, వికారాబాద్ ఊళ్లకూ, హైటెక్ సిటీకీ ఒకే ఎంపీ. ఈ గీతలన్నీ గీసినవాళ్లు గంగారం టీ కొట్టులో ఒక గంట కూర్చుని ఉంటే బాగుండేదని నాకనిపించింది.

గురువారం: నల్లగండ్ల, గోపన్‌పల్లి, విశ్వవిద్యాలయం

నల్లగండ్ల చెరువు గట్టు మీద పొద్దుటి నడక. ఒక వైపు ఆకాశాన్ని మూసేసే అపార్టుమెంట్లు. ఇంకో వైపు పాత ఊరి ఇళ్లు, గేదెల కొట్టం, ఒక పోచమ్మ గుడి. నడకకు వచ్చినవాళ్లలో చాలామంది రిటైరైన తల్లిదండ్రులే. కొడుకో కూతురో అమెరికాలో ఉన్నారు, లేదా ఇక్కడే పగలంతా ఆఫీసులో. నెల్లూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన గేటెడ్ కమ్యూనిటీలో ఏడేళ్లుగా ఉంటున్నారు. ఓటు నెల్లూరులోనే. "అక్కడ పొలం ఉంది బాబూ, పాస్‌బుక్కు ఉంది, నలుగురు పలకరిస్తారు. ఇక్కడ నన్నెవరు అడిగారు?" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నిజంగానే ఎవరూ అడగలేదు.

అక్కడి నుంచి గోపన్‌పల్లి తండా. విశ్వవిద్యాలయం వెనక వైపు నుంచి ఔటర్ రింగ్ రోడ్డుకు వెళ్లే దారి ఇది. 2024 జూలైలో ఇక్కడ ఫ్లైఓవర్ తెరిచారు. కింద తండా, పైన ఐటీ ఉద్యోగుల కార్లు.

ఫ్లైఓవర్ నీడ దాటాక రోడ్డు పక్కన ఒక లంబాడీ అక్క జొన్న రొట్టెల పొయ్యి వెలిగిస్తోంది. సాయంత్రాలు గిరాకీ ఎక్కువట, నేను మధ్యాహ్నమే వెళ్లాను గనుక మాట్లాడే తీరిక దొరికింది. మసిలే నీళ్లు పిండి మధ్యలో పోసి, ముందు గరిటె కాడతో కలిపి, వేడి ఓర్చుకునేంతకు తగ్గాక చేత్తో మదిస్తుంది. అరచేతిలో ముద్ద తీసుకుని పీట మీద పొడి పిండి చల్లి, రెండు చేతులతో తడుతూ తిప్పుతుంది. రొట్టె దానంతటదే గుండ్రంగా పెరుగుతూ పోతుంది. అంచు ఎక్కడా చిట్లలేదు. పెనం మీద వేశాక తడిగుడ్డతో పైన ఒక్కసారి తుడిచి, ఆ తడి ఆరగానే తిప్పేస్తుంది, చివరికి నేరుగా నిప్పుల మీద పెడుతుంది. అది బూరెలా పొంగింది. పచ్చిమిర్చి తొక్కుతో రెండు తిన్నాను.

"మీ ఓటు ఎక్కడ అక్కా?" అని అడిగాను.

"గిక్కడనే. మా అత్త, మా మామ, మా పెనిమిటి, అందరివీ గిక్కడనే. ఓటేసుడు మానలేదు ఎన్నడు. తండాల ఎవ్వలూ మానరు" అంది.

"మరి ఈ కార్లల్లో పోయేవాళ్లు?"

"వాళ్లు మాకు రొట్టె గిరాకీ అన్నా. ఓటుకాడ కనబడరు."

2023 నవంబర్ 30న తెలంగాణ మొత్తం ఓటేస్తే శేరిలింగంపల్లిలో సగం ఓట్లు కూడా పడలేదు. పడిన ఆ కాస్తలో ఈ తండా, గంగారం, నల్లగండ్ల పాత ఊరు, కొండాపూర్ మసీదు బండ లాంటి పాత నివాసాల వాటా ఎక్కువని తిరిగిన ప్రతి చోటా విన్నాను. కొత్తగా వచ్చిన మనం, చదువుకున్నామని చెప్పుకునే మనం, ఈ పాతవాళ్ల ఓపిక మీదే బతుకుతున్నాం.

మధ్యాహ్నం తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రహరీ వెంట నడిచాను. 1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత వచ్చిన ఆరు సూత్రాల పథకంలో భాగంగా ఈ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అందుకోసం రాజ్యాంగంలో 371-ఇ అనే అధికరణమే చేర్చారు. 1974లో మొదలైనప్పుడు దీనికి 2,300 ఎకరాల పైచిలుకు కేటాయించారు. రెండు ప్రాంతాల గొడవను చల్లార్చడానికి పుట్టిన విశ్వవిద్యాలయం ఇవాళ రెండు రాష్ట్రాల పిల్లలు కలిసి చదువుకునే చోటు. దాన్ని తలచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

తూర్పు అంచున కంచ గచ్చిబౌలి 400 ఎకరాలు. 2025 మార్చి ఆఖర్లో రాత్రనక పగలనక పొక్లెయినర్లు చెట్లు కూలుస్తూ తిరిగాయి. నెమళ్ల అరుపులు ఫోన్లలో రాష్ట్రమంతా విన్నది. పిల్లలు గేటు దగ్గర కూర్చున్నారు, పోలీసులు వచ్చారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. ఇప్పుడు ప్రహరీ సందులోంచి చూస్తే నరికిన మొదళ్ల నుంచి చిగుళ్లు కనిపిస్తున్నాయి, తుమ్మ, చిల్ల, సీతాఫలం. ఈ భూమి ఎవరిదన్న వాదనలోకి వెళ్లను. ఈ నియోజకవర్గంలో ఏడు లక్షల మంది ఓటర్లు, వాళ్ల పిల్లలు, ఓటు లేని లక్షల మంది ఊపిరి పీల్చుకోవడానికి మిగిలిన పెద్ద పచ్చటి చోట్లలో ఇదొకటి. అది పోతే మళ్లీ రాదు.

శుక్రవారం: నానక్‌రాంగూడ, రాయదుర్గం, రాత్రికి మియాపూర్

పొద్దున ఏడింటికి నానక్‌రాంగూడ అడ్డా. మేస్త్రీలు, సెంట్రింగ్ వాళ్లు, రాడ్ కట్టేవాళ్లు, పార చేతబట్టుకున్న దంపతులు. పాలమూరు నుంచి వచ్చినవాళ్లు ఒక గుంపు, ఒడిశా, జార్ఖండ్, బెంగాల్ వాళ్లు వేర్వేరు గుంపులు. నారాయణపేట వైపు నుంచి వచ్చిన జంటతో మాట్లాడాను. పన్నెండేళ్లుగా ఇక్కడే. ఇక్కడ లేచిన ఏ టవర్‌కు ఎన్ని అంతస్తులో అతను వేళ్ల మీద చెబుతాడు. ఉండేది రేకుల షెడ్డులో. పని ముగిస్తే షెడ్డు మారుతుంది, చిరునామా మారుతుంది. ఓటు ఊళ్లో. "పండక్కి, ఓటుకు రెండిటికే ఊరికి పోతం" అన్నాడు. నల్లగండ్ల పెద్దాయనకూ ఇతనికీ కారణాలు వేరు, ఫలితం ఒకటే.

అడ్డాకు దగ్గరలోనే అమెరికా కాన్సులేట్. 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి ఇక్కడి సొంత భవనంలోకి మారింది. తెలుగువాళ్ల ఇళ్లలో ఈ గేటుకు ఉన్న ప్రాధాన్యం చెప్పక్కర్లేదు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ ఫైలు, నుదుట కుంకుమ పెట్టుకున్న కుర్రాడు లోపలికి వెళ్లాడు. రోడ్డు అవతల వాళ్ల అమ్మ అతని ఫోను, బ్యాగు గుండెకు హత్తుకుని నిలబడింది. ఖమ్మం నుంచి వచ్చారట. నేను భద్రాచలం అనగానే ఆమె "మా రాముడి ఊరు" అని నా చేయి పట్టుకుంది. గంట తర్వాత అతను బయటికొచ్చి తల ఊపాడు. ఆమె అక్కడే ఏడ్చేసింది. వీసా వచ్చినందుకే.

ఈ అద్దాల మేడల వెనక సందులో పాత నానక్‌రాంగూడ ఊరు ఇంకా ఉంది. రంగనాథస్వామి గుడి ఉంది, చావడి అరుగు ఉంది. అరుగు మీద కూర్చుంటే 2019లో తెరిచిన అమెజాన్ భవనం పక్క వీధిలో ఉందని ఎవరూ నమ్మరు.

మధ్యాహ్నం ఖాజాగూడ గుట్టల మీదుగా రాయదుర్గం చేరాను. ఖాజాగూడలో గుట్ట మీద దర్గా, కింద చెరువు, చుట్టూ కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుండ్లు. కొన్నింటి మీద రంగులు పూసి ప్రకటనలు రాశారు. రెవెన్యూ కాగితాల్లో ఈ ప్రాంతం రాయదుర్గ్ పైగా, రాయదుర్గ్ నౌఖాల్సా, రాయదుర్గ్ పన్‌మక్తా అనే పేర్లతో నిజాం కాలాన్ని ఇంకా మోస్తోంది. ఆ పన్‌మక్తాలోనే 2025 అక్టోబర్‌లో ప్రభుత్వం వేలం వేసిన భూమి ఎకరం 177 కోట్లు పలికింది.

ఎమ్మెల్యే నియోజకవర్గ అభివృద్ధి నిధిని 2021లో ఏడాదికి 5 కోట్లకు పెంచారు. ప్రతి నియోజకవర్గానికీ అంతే. ఓటరుకు పంచి చూస్తే భద్రాచలంలో తలకు 330 రూపాయల పైన, శేరిలింగంపల్లిలో 70 రూపాయల లోపు. ఇక్కడి ఎకరం ధర ఇక్కడి ఎమ్మెల్యే నిధికి ముప్ఫై అయిదేళ్ల మొత్తం. భద్రాచలానికి ఎక్కువిస్తున్నారని నేను అనను, ఆ మాట నా నోట రాదు. దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు దాకా గోదావరి వెంట అడవిలో పరుచుకున్న గిరిజన నియోజకవర్గం అది. ఒక చివర నుంచి ఇంకో చివరికి బస్సులో పూట పడుతుంది. ఓటర్లు తక్కువైనా అక్కడికి ఒక ఎమ్మెల్యే పూర్తిగా కావాలి. వాళ్ల నుంచి తీసుకోవడం గురించి కాదు నేను అడిగేది. ఇక్కడ ఒకరు చాలడం లేదు.

సాయంత్రం రాయదుర్గం నుంచి మియాపూర్‌కు మెట్రో ఎక్కాను. నేరుగా లైను లేదు. నీలం లైనులో అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ ఎర్ర లైను మారి వెనక్కి రావాలి. ఒకే నియోజకవర్గంలో ఒక మూల నుంచి ఇంకో మూలకు మెట్రోలో పోవాలంటే జూబ్లీహిల్స్, సనత్‌నగర్, కూకట్‌పల్లి నియోజకవర్గాలన్నీ చుట్టి రావాలి. మియాపూర్ లైను 2017 నవంబర్‌లో, రాయదుర్గం దాకా నీలం లైను 2019 నవంబర్‌లో వచ్చాయి. రెంటినీ నేరుగా కలిపే లైను ఇంతవరకూ రాకపోవడం వింతే.

మియాపూర్‌లో రాత్రి తొమ్మిది. శుక్రవారం కావడంతో ట్రావెల్స్ బస్సులు రోడ్డుకు ఒక వైపంతా ఆక్రమించాయి. "విజయవాడ, ఏలూరు, రాజమండ్రి! ఒంగోలు, నెల్లూరు! వైజాగ్!" స్లీపర్ బెర్తుల్లో కుర్రాళ్లు ఫోన్లు చార్జింగ్ పెట్టుకుంటున్నారు. 2024 మే 11 రాత్రి కూడా నేను ఇక్కడే ఉన్నాను, మా బావమరిదిని బస్సెక్కించడానికి. మే 13న తెలంగాణలో లోక్‌సభకు, ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకూ లోక్‌సభకూ ఒకే రోజు పోలింగ్. ఆ రాత్రి ఈ రోడ్డు మీద కాలు పెట్టే చోటు లేదు. టికెట్ ధర ఎంతైనా సరే, నిలబడైనా సరే, వెళ్లి ఓటేయాలని జనం తహతహలాడారు. ఓటంటే విలువ తెలియని జనం కాదు వీళ్లు. ఒక ఓటు కోసం రాత్రంతా ప్రయాణం చేసినవాళ్లు. వాళ్ల ఓటు, వాళ్లు రోజూ తిరిగే రోడ్డుకు పనికిరాని చోట ఉంది, అంతే తేడా.

శనివారం: మాదాపూర్

1998 నవంబర్ 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. చంద్రబాబు ముఖ్యమంత్రి. అప్పటికి శిల్పారామం ఉంది, ఆ చుట్టూ బండలున్నాయి. ఈ చౌరస్తాలో నిలబడి ఆ రోజును ఊహించుకోవడం ఇప్పుడు కష్టం.

అయ్యప్ప సొసైటీ వీధుల్లో ప్రతి గోడకూ హాస్టల్ బోర్డే. త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్, ఏసీ, నాన్ ఏసీ. సన్నటి సందులు, ఎదురెదురు బాల్కనీల్లో ఆరేసిన ఐడీ కార్డు తాళ్లు, తువ్వాళ్లు. లేడీస్ హాస్టల్ నడుపుతున్న గుంటూరు వైపు ఆవిడ వంటింట్లో వంకాయలు కోస్తూ మాట్లాడారు. "మా దగ్గర తొంభై మంది పిల్లలండీ. ఒక్కదానికి కూడా ఇక్కడ ఓటు లేదు. ఆరు నెలలకు కంపెనీ మారతారు, హాస్టల్ మారతారు. వేసవిలో నాకు నీళ్ల ట్యాంకరు దొరక్క ప్రాణం పోతుంది. ఎవర్నడగాలి? మాకు అడిగే హక్కు ఉందని కూడా ఎవరూ అనుకోరు." మంజీరా నీళ్లు, ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి నీళ్లు నగరానికి వస్తున్నాయి. మా గోదావరి ఇంత దూరం వచ్చిందని మురిసిపోయినవాణ్ణి నేను. ఆమె వీధిలో మాత్రం మార్చి నుంచి ట్యాంకరే.

అక్కడి నుంచి చెరువులు చూశాను. దుర్గం చెరువు మీద 2020లో కట్టిన తీగల వంతెన దగ్గర ఫొటోలు దిగేవాళ్ల సందడి. ఈ చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు నీళ్లిచ్చింది. తమ్మిడికుంట దగ్గర 2024 ఆగస్టులో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఒక పెద్ద కన్వెన్షన్ హాలును కూల్చింది, వార్త దేశమంతా పాకింది. మరుసటి నెల సున్నం చెరువు దగ్గర కూల్చింది మాత్రం ఎక్కువగా షెడ్లు, చిన్న చిన్న నిర్మాణాలు. అక్కడ సామాన్లు పోయిన ఒక వడ్రంగి ఇప్పుడు రోడ్డు పక్క టార్పాలిన్ కింద తలుపులు చెక్కుతున్నాడు. చెరువు బాగుపడాలనే అతనూ అంటాడు. "ముందు చెప్పుంటే రంపం మిషన్ తీసుకునేటోణ్ణి కదన్నా" అన్నాడు. చెరువులు తిరిగి బతకాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. దానికి ఈ మనిషి పనిముట్టు పోనక్కర్లేదు.

ఆదివారం: కొత్తగూడ, హఫీజ్‌పేట, ఆల్విన్ కాలనీ

కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో పొద్దుటే నడక. మలయాళం, బెంగాలీ, హిందీ, మరాఠీ, మన నాలుగైదు యాసల తెలుగు ఒకే బాట మీద వినిపించాయి. బయట సికింద్రాబాద్ నుంచి వచ్చిన 10హెచ్ బస్సు దిగి పనమ్మాయిలు అపార్టుమెంట్ల వైపు గబగబా వెళ్తున్నారు. హఫీజ్‌పేటలో పెద్దగా ఆగలేదు. రైల్వే స్టేషన్, ఫ్లైఓవర్, ప్రతి ఖాళీ స్థలం మీదా "ఈ భూమి కోర్టు కేసులో ఉంది" అనే బోర్డు.

మియాపూర్ చౌరస్తా దాటి ఆల్విన్ కాలనీ వైపు. ఫ్రిజ్‌లు, వాచీలు, బస్సులు తయారుచేసిన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ 1942లో మొదలైంది. ఇప్పుడు కంపెనీ లేదు, కాలనీకీ చౌరస్తాకూ పేరు మిగిలింది. మా నాన్న చేతికి ఇప్పటికీ ఆల్విన్ వాచీయే. హైదర్‌నగర్, వివేకానందనగర్ దాకా నియోజకవర్గం, ఆ తర్వాత కూకట్‌పల్లి. గోపన్‌పల్లి తండా ఎక్కడ, ఈ వివేకానందనగర్ ఎక్కడ! రెండూ ఒక ఎమ్మెల్యే చేతిలో పెట్టి, రెండింటికీ సమానంగా తిరగమంటున్నాం.

2014 విభజన చట్టం 26వ సెక్షన్‌లో తెలంగాణ సీట్లు 119 నుంచి 153కు పెంచాలని ఉంది. అది ఇంతవరకూ జరగలేదు. 2026 తర్వాత వచ్చే మొదటి జనాభా లెక్కల దాకా నియోజకవర్గాల సర్దుబాటును రాజ్యాంగం ఆపి ఉంచింది. ఆ లెక్కలు 2027లో జరగనున్నాయి. ఎన్యూమరేటర్ తలుపు తట్టిన రోజు హాస్టల్ పిల్లలూ, షెడ్డులోని మేస్త్రీ కుటుంబమూ ఇక్కడివాళ్లుగానే లెక్కలోకి రావాలి. సీట్ల లెక్కకు జనాభాయే ఆధారం. కాకపోతే ఆ లెక్క తేలి, కొత్త గీతలు గీసి, ఎన్నిక జరిగేసరికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా ఇక్కడి ఎమ్మెల్యేను, కార్పొరేటర్‌ను నిలదీయడానికి ఉన్నది ఓటే. రోడ్డు, డ్రైనేజీ, నీళ్లు ఇక్కడివి వాడుకుంటున్నప్పుడు ఓటూ ఇక్కడ ఉండటమే న్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

ఆల్విన్ కాలనీలో ఒక టిఫిన్ సెంటర్‌లో పెసరట్టు తింటూ యజమానితో ఇదే మాట అన్నాను. ఆయనది తణుకు, ఇక్కడికొచ్చి పద్దెనిమిదేళ్లు. పెనం మీద నీళ్లు చిలకరించి, చీపురుతో ఒకసారి ఊడ్చి, నా వైపు తిరిగారు.

"మార్చుకోవాలనే ఉందండీ. కానీ అద్దిల్లు కదా. కరెంటు బిల్లు ఓనరు గారి పేరు మీద ఉంది."

"కరెంటు బిల్లే అక్కర్లేదండీ. ఫారం 8 నింపి, ఇక్కడి చిరునామాతో మీ బ్యాంకు పాస్‌బుక్ జత చేసినా తీసుకుంటారు. వేరే రాష్ట్రం నుంచి మార్చుకోవడానికీ అదే ఫారం."

"పాస్‌బుక్ మీద ఇంకా తణుకు అడ్రసే ఉందండీ."

"అయితే ముందు బ్యాంకులో అది మార్పించుకోండి."

"మా ఆవిడది కూడా ఇదే తంతా?"

"ఆవిడకు విడిగా ఇంకో ఫారం. ఇంట్లో ఓటున్నవాళ్లు ఎంతమందో అన్ని ఫారాలు."

"నలుగురమండీ" అని ఆయన క్యాలెండర్ వెనక గుచ్చిన కాగితం ముక్క తీసి, జేబులోంచి పెన్ను తీసి, "ఏం ఫారమన్నారు?" అని మళ్లీ అడిగారు.